గ్రీకు ఇంటి వంటలో ఆరోగ్యం ఎక్కడుంది: నూనె సీసాలోనా, కంచం అమరికలోనా?

క్లుప్తంగా: గ్రీకు వంట ఆరోగ్యానికి మంచిదన్న పేరు ముఖ్యంగా 1950, 60ల నాటి క్రీట్ దీవి పల్లెల నుంచి వచ్చింది. అక్కడ కూరగాయలు, ఆకుకూరలు, పప్పుధాన్యాలే అసలు భోజనం. మాంసం పండగలకో ఆదివారానికో దొరికేది. ఆలివ్ నూనె ఆ కూరల్ని కడుపునిండా తినగలిగేలా చేసేది. ఆ అమరిక చెదిరాక గ్రీసులోనే ఊబకాయం పెరిగింది. తెలుగు వంటింటికి పనికొచ్చేది కూడా ఆ అమరికే. ఖరీదైన దిగుమతి సరుకు లేకుండా దాన్ని తెచ్చుకోవచ్చు.

గుండె డాక్టర్ని కలిసొచ్చినవారికి, షుగర్, కొలెస్టరాల్ రిపోర్టులు చూసి టెన్షన్ పడేవారికి ఈమధ్య తరచుగా వినిపిస్తున్న సలహా ‘మెడిటరేనియన్ డైట్’, అంటే గ్రీసు వంటి మధ్యధరా సముద్ర తీర దేశాల సంప్రదాయ తిండి. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం సూపర్ మార్కెట్లలో ఆలివ్ నూనె సీసాలు, గ్రీక్ యోగర్ట్ డబ్బాలు, ఫెటా చీజ్ ప్యాకెట్లు కనిపించడం మామూలైంది. మరోవైపు ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2018లో ఇంకో సంగతి చెప్పింది. గ్రీసు, ఇటలీ, స్పెయిన్ వంటి దక్షిణ యూరప్ దేశాల్లో ప్రాథమిక పాఠశాల వయసు మగపిల్లల్లో ఐదుగురికి దాదాపు ఒకరు ఊబకాయులు. యూరప్‌లో అత్యధిక రేట్లు అవే.

గుండెను కాపాడే తిండికి పుట్టిల్లు అనిపించుకున్న దేశంలో పిల్లలు ఇలా ఎందుకయ్యారు? ఆ పేరూ నిజమే, ఈ లెక్కా నిజమే. రెండూ ఒకేసారి ఎలా నిజమయ్యాయో తెలియకుండా సీసా కొనుక్కొస్తే డబ్బు ఖర్చు తప్ప పెద్ద ఫలితం ఉండదు.

## క్రీట్‌లో కనిపించింది ఏమిటి

రెండో ప్రపంచ యుద్ధంలో గ్రీసు చితికిపోయింది. 1941–42 శీతాకాలపు కరువులో ఏథెన్స్ వీధుల్లో జనం ఆకలితో చనిపోయారు. యుద్ధం ముగిశాక, 1948లో, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ క్రీట్ దీవి పేదరికాన్ని అంచనా వేయడానికి ఒక సర్వే చేయించింది. లీలండ్ ఆల్‌బా నాయకత్వంలో జరిగిన ఆ సర్వేకు ఆరోగ్య రహస్యాలు వెతికే ఉద్దేశం లేదు. వెనకబడిన ప్రాంతాన్ని ఎలా బాగుచేయాలన్నదే ప్రశ్న. దీవి జనం ఆలివ్‌లు, ధాన్యం, పప్పులు, పొలాల్లో దొరికే ఆకుకూరలు, పండ్లు ఎక్కువగా, మాంసం, పాలు తక్కువగా తింటున్నారని తేలింది. ఆ తిండి బాగుందా అని అడిగితే చాలా కుటుంబాలు లేదన్నాయి. వాళ్లు కోరుకున్నది మాంసం.

ఈ చిన్న విషయాన్ని చాలా వ్యాసాలు దాటేస్తాయి. కానీ తర్వాతి కథంతా దీని మీదే ఆధారపడి ఉంది. ఇప్పుడు ఆదర్శంగా చూపిస్తున్న కంచం ఆ కుటుంబాలు ఏరికోరి పెట్టుకున్నది కాదు.

పదేళ్ల తర్వాత, 1958లో, అమెరికన్ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ ‘ఏడు దేశాల అధ్యయనం’ మొదలుపెట్టారు. అమెరికా, ఫిన్లండ్, నెదర్లాండ్స్, ఇటలీ, యుగోస్లావియా, గ్రీసు, జపాన్ దేశాల్లో 40 నుంచి 59 ఏళ్ల మగవారు 12,700 మందికి పైగా ఇందులో ఉన్నారు. గ్రీసు నుంచి క్రీట్, కోర్ఫు దీవుల్ని తీసుకున్నారు. అక్కడి పనిని క్రిస్టోస్ అరవానిస్ చూశారు. ఏళ్ల తరబడి గమనించాక గుండెజబ్బు మరణాలు తూర్పు ఫిన్లండ్‌లో చాలా ఎక్కువగా, క్రీట్‌లో అతి తక్కువగా తేలాయి.

ఆశ్చర్యం కలిగించే విషయం ఏమిటంటే, ఈ రెండు చోట్లా కొవ్వు నుంచి వచ్చే కేలరీలు దాదాపు సమానం, సుమారు 40 శాతం. తేడా అంతా కొవ్వు రకంలో ఉంది. ఫిన్లండ్ రైతు కంచంలో వెన్న, పాల మీగడ. అక్కడ సంతృప్త కొవ్వు కేలరీల్లో 20 శాతం దాటింది. క్రీట్‌లో అది సుమారు 8 శాతమే. కొవ్వంటే చెడ్డదన్న ఒక్కముక్క సిద్ధాంతానికి క్రీట్ అప్పుడే అడ్డం తిరిగింది.

ఆ క్రీట్ రైతు రోజువారీ తిండిని లెక్కల్లో చూస్తే ఇప్పటి ‘డైట్’ పుస్తకాలకు భిన్నంగా ఉంటుంది. రొట్టె సుమారు 380 గ్రాములు, పండ్లు 460 గ్రాముల దాకా, నూనె 95 గ్రాముల దగ్గర. మాంసం 35 గ్రాములు, చేప 18 గ్రాములు. అంటే పిండిపదార్థం తక్కువ కాదు, నూనె అసలే తక్కువ కాదు. అయితే ఆ మనిషి తెల్లవారుజామున లేచి కొండవాలు పొలాలకు నడిచి వెళ్లేవాడు. పొద్దంతా ఒళ్లు వంచి పనిచేసేవాడు. ఆ లెక్కను రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగికి యథాతథంగా దించితే మేలు బదులు బరువే పెరుగుతుంది.

## ఇంట్లో వండేది వేరు, హోటల్లో దొరికేది వేరు

గ్రీకు తిండి అనగానే విదేశాల్లో ఉన్న తెలుగువారికి గుర్తొచ్చేవి గీరో, సువ్లాకి, ముసాకా. మొదటి రెండూ మాంసంతో చేసే వీధి తిండి. ముసాకా వంకాయ, మాంసం పొరలుగా పేర్చి ఓవెన్‌లో చేసేది. దాని మీద పరిచే తెల్లటి బెషమెల్ సాస్ నికోలాస్ త్సెలెమెంతెస్ అనే వంటవాడి ప్రభావంతో 1920ల తర్వాత స్థిరపడింది. ఫ్రెంచి పద్ధతుల మీద మోజున్న ఆయన వెన్న, మైదా, పాలతో చేసే ఆ పూతను గ్రీకు మధ్యతరగతి వంటింట్లోకి తెచ్చారు. ఏథెన్స్‌లోనైనా అది మామూలు రోజున వండుకునేది కాదు, తీరిక దొరికిన రోజు వంటకం.

ఇంట్లో వారం మధ్య వండే వంటల్లో ఎక్కువ ‘లదేరా’ అనే కుటుంబానికి చెందినవి. నూనెలో మగ్గించిన కూరగాయలన్న మాట. పచ్చి బీన్స్‌తో చేస్తే ఫసోలాక్యా. బంగాళాదుంప, గుమ్మడి జాతికి చెందిన జుకినీ, వంకాయ, టమాటా కలిపి ఓవెన్‌లో పెడితే బ్రియామ్. టమాటాల్లో, కాప్సికంలో బియ్యం, మూలికలు కూరి మగ్గిస్తే యెమిస్తా. బెండకాయతో చేసేది బామ్యెస్. జిగురు పోవడానికి లేత బెండకాయల తొడిమలు చెక్కి, ఉప్పు, వెనిగర్ పట్టించి కాసేపు ఎండలో పెట్టి, తర్వాత ఉల్లిపాయ, టమాటా, ఆలివ్ నూనెతో సన్నని సెగ మీద మగ్గిస్తారు. చింతపండు పులుసుతో బెండకాయ జిగురు విరిచే తెలుగు ఇల్లాలికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు.

లదేరా వండే తీరులో రెండు విషయాలు ముఖ్యం. ఒకటి, నీళ్లు చాలా తక్కువ. కూరలోని నీరు ఇగిరిపోయి నూనె తేలేదాకా మూతపెట్టి మగ్గిస్తారు. రెండు, అది పక్కన వడ్డించే కూర కాదు. ఒక మనిషికి లోతైన పళ్లెం నిండా వడ్డిస్తారు. పక్కన రొట్టె ముక్క, ఒక ఫెటా ముక్క, నాలుగు ఆలివ్‌లు. భోజనం అంతే. మూడు, నాలుగు వందల గ్రాముల కూరగాయలు ఒక పూటలోనే కడుపులోకి వెళ్లిపోతాయి. గ్రీసులో 1990లలో 22 వేల మందిని చేర్చుకున్న పెద్ద అధ్యయనంలో పెద్దవారి రోజువారీ కూరగాయల వాడకం మధ్యస్థంగా అరకిలో దగ్గర ఉంది. అంత కూర పొట్టలోకి ఎలా పడుతుందన్న ప్రశ్నకు లదేరాయే జవాబు.

పప్పుధాన్యాల సంగతీ ఇంతే. తెల్ల బీన్స్, క్యారెట్, సెలెరీ, టమాటాతో చేసే ఫసోలాదాను చాలామంది గ్రీకులు జాతీయ వంటకంగా చెప్పుకుంటారు. మసూర్ జాతి పప్పుతో చేసే ఫకేస్‌లో దించేముందో, తినేటప్పుడో వెనిగర్ చుక్కలు వేస్తారు. సిఫ్నోస్ దీవిలో శనగలు, ఉల్లిపాయ, బిర్యానీ ఆకు, నూనె మట్టికుండలో పెట్టి శనివారం రాత్రి కట్టెల పొయ్యిలోకి తోస్తారు. రాత్రంతా మగ్గిన ఆ రెవిథాదాను ఆదివారం చర్చి నుంచి వచ్చాక తింటారు. శాంతోరిని దీవి పసుపు పప్పు ముద్ద ‘ఫవా’ చూస్తే తెలుగువారికి ముద్దపప్పే గుర్తొస్తుంది. పైన నెయ్యి బదులు ఆలివ్ నూనె, పచ్చి ఉల్లిపాయ, నిమ్మరసం ఉంటాయి.

తాజా సరుకు ఎక్కడిదన్న ప్రశ్నకు ఏథెన్స్‌లో ‘లైకీ’ సంత జవాబు చెబుతుంది. 1929లో మొదలైన ఈ ఏర్పాటులో ఒక్కో పేటలో వారానికి ఒకరోజు ఒక వీధిని మూసేసి రైతులు, చిల్లర వ్యాపారులు బల్లలు వేస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన రైతు బజార్ల ఉద్దేశం కూడా దళారీ లేకుండా తాజా కూర చేరవేయడమే. అయితే గ్రీకు వంటిల్లు తాజా సరుకు మీద మాత్రమే నడుస్తుందనుకోవడం పొరపాటు. ఎండు బీన్స్, ఉప్పునీటిలో ఊరిన ఆలివ్‌లు, ఉప్పునీటిలోనే నిలవ ఉండే ఫెటా, ఎండబెట్టిన ఒరేగానో, రెండుసార్లు కాల్చిన బార్లీ రస్కులు సగం బరువు మోస్తాయి. ఆ రస్కు మీద తురిమిన టమాటా, మిజిథ్రా జున్ను, నూనె వేస్తే క్రీట్ ‘దాకోస్’ అవుతుంది. పొయ్యి వెలిగించే పనే లేదు.

## అంత నూనె పోసినా మంచిదెలా అయింది

ఆలివ్ నూనెలో సగానికి పైగా, సాధారణంగా 55 నుంచి 83 శాతం, ఒలీక్ ఆమ్లం. ఇది ఏక అసంతృప్త కొవ్వు. వెన్న, పామాయిల్ వంటి సంతృప్త కొవ్వు స్థానంలో ఇది వస్తే చెడు కొలెస్టరాల్‌గా పిలిచే ఎల్‌డీఎల్ తగ్గుతుంది. ‘స్థానంలో’ అన్న మాట చాలా ముఖ్యం. ఉన్న నూనె, నెయ్యి అలాగే ఉంచి పైనుంచి ఆలివ్ నూనె రెండు చెంచాలు తాగితే ఈ లాభం రాదు, కేలరీలు మాత్రం వస్తాయి.

రెండో అంశం పాలీఫినాల్స్, అంటే మొక్కల్లో సహజంగా ఉండే ఒక రకం రక్షక పదార్థాలు. కాయను వేడి, రసాయనాలు లేకుండా నలిపి తీసిన ఎక్స్‌ట్రా వర్జిన్ నూనెలోనే ఇవి బాగా మిగులుతాయి. రోజుకు 20 గ్రాముల నూనెలో కనీసం 5 మిల్లీగ్రాముల హైడ్రాక్సీటైరోసాల్, దాని సంబంధిత పదార్థాలు ఉంటే, రక్తంలోని కొవ్వు ఆక్సీకరణం చెందకుండా కాపాడుతుందని లేబుల్ మీద రాసుకోవడానికి యూరోపియన్ యూనియన్ 2012లో అనుమతించింది. మంచి నూనె మింగితే గొంతులో కాస్త ఘాటు తగులుతుంది. దానికి కారణం ఒలియోకాంథాల్ అనే పదార్థమనీ, అది ఐబుప్రోఫెన్ మాత్రలా వాపును కలిగించే ఎంజైముల్ని అడ్డుకుంటుందనీ 2005లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. తినే మోతాదులో అది మందులా పనిచేస్తుందని మాత్రం దీన్నుంచి తేల్చలేం.

మూడో అంశం వంటగదిలోనే ఉంది, దాని గురించి తక్కువమంది మాట్లాడతారు. టమాటాలోని లైకోపిన్, ఆకుకూరల్లోని కెరోటిన్లు కొవ్వులో కరుగుతాయి. నూనెతో కలిపి మగ్గిస్తేనే ఒంటికి బాగా పడతాయి. పప్పు మీద పిండిన నిమ్మరసంలోని విటమిన్ సి ఆ పప్పులోని ఇనుము ఒంటపట్టేలా చేస్తుంది. రుచి కోసం పుట్టిన అలవాట్లు పోషణకూ పనికొచ్చాయి. అన్నిటికీ మించి, నూనె లేని ఉడకబెట్టిన బీన్స్‌ను పిల్లలు పక్కకు నెడతారు. నూనెలో, టమాటాలో మగ్గిన బీన్స్‌ను రొట్టెతో ఊడ్చుకుని తింటారు.

ఇక్కడ కొనుగోలుదారు గమనించాల్సిన సంగతి ఒకటుంది. భారత మార్కెట్లో ‘ఆలివ్’ పేరుతో దొరికేవన్నీ ఒకటి కావు. ఎక్స్‌ట్రా వర్జిన్ అంటే ఆమ్లత్వం 0.8 శాతం మించని, శుద్ధి చేయని నూనె. ‘పోమేస్’ అని రాసి ఉంటే, నూనె తీసేశాక మిగిలిన పిప్పి నుంచి ద్రావకాలతో లాగి శుద్ధి చేసినది. అందులో ఒలీక్ ఆమ్లం ఉంటుంది కానీ పాలీఫినాల్స్ దాదాపు ఉండవు. ‘వంటకు ప్రత్యేకం’ అని అమ్మే చవక రకాలు చాలావరకు ఇదో, శుద్ధి చేసిన నూనెల మిశ్రమమో అయి ఉంటాయి. ఎక్స్‌ట్రా వర్జిన్‌ను వేడిచేస్తే విషమవుతుందన్న ప్రచారంలోనూ బలం లేదు. అది పొగలు కక్కే వేడి సుమారు 190 నుంచి 210 డిగ్రీలు. కూర మగ్గించే సెగ అంతదాకా పోదు. గ్రీకు ఇళ్లలో తరతరాలుగా దానితోనే వండుతున్నారు.

## పొలం గట్టు మీది ఆకులు

క్రీట్ తిండిలో అన్నిటికంటే తక్కువ పేరొచ్చినది, బహుశా అన్నిటికంటే విలువైనది ‘హోర్తా’. వానలు పడ్డాక కొండల మీద, పొలం గట్ల మీద మొలిచే ఆకుల్ని ముసలమ్మలు చిన్న కత్తి, సంచీ పట్టుకుని ఏరుకొస్తారు. చేదు చికోరీ జాతి ఆకులు, అడవి సోంపు, ఆవ జాతి ఆకులు, ఇలా ఎన్నో రకాలు. ఉప్పునీటిలో ఉడికించి, వడకట్టి, నూనె, నిమ్మరసం పోసి తినడమే. 1941 కరువులో ఎందరి ప్రాణాలో నిలిపినవి ఈ ఆకులే.

ఎండాకాలంలో గ్రీకులు తినే రెండు ఆకులు తెలుగువారికి బాగా తెలిసినవే. ‘వ్లీతా’ తోటకూర జాతి. ‘గ్లిస్త్రిదా’ లేక ‘ఆంద్రాక్లా’ అనే పుల్లటి, కండగల ఆకు సాక్షాత్తూ గంగవావిలి కూర. తెలుగు ఇళ్లలో దాన్ని పప్పులో వేస్తారు, మామిడికాయతో వండుతారు. గ్రీకులు పచ్చిగానే టమాటా, దోసకాయ ముక్కల్లోనో, పెరుగులోనో కలుపుకుంటారు.

గంగవావిలి మీద పరిశోధన చేసినవారిలో గ్రీకు మూలాలున్న అమెరికన్ వైద్యురాలు ఆర్టెమిస్ సిమోపౌలోస్ ముఖ్యులు. ఈ మొక్కలో ఒమేగా–3 కొవ్వు ఆకుకూరల్లో అరుదైనంత ఎక్కువగా ఉందని 1986లో ఆమె, సహచరుడు ప్రచురించారు. ఆరుబయట గడ్డి, ఆకులు, పురుగులు తిని తిరిగే గ్రీకు కోడి గుడ్డును అమెరికా ఫారం గుడ్డుతో కూడా పోల్చారు. గ్రీకు గుడ్డులో ఒమేగా–6, ఒమేగా–3 కొవ్వుల నిష్పత్తి సుమారు 1.3, అమెరికా గుడ్డులో 19.9. ఈ అంకె ఎంత తక్కువైతే ఒమేగా–3 పాలు అంత ఎక్కువ. అంటే ఆ ఆకుల లాభం నేరుగా తినడంతో ఆగదు. కోళ్ల ద్వారా, మేకల ద్వారా, నత్తల ద్వారా కూడా కంచంలోకి చేరుతుంది. ఒక్క విషయం మరవకూడదు. ఆకుల్లో ఉండే ఒమేగా–3 రకాన్ని శరీరం చేపల్లో ఉండే రకంగా మార్చుకునేది కొద్ది పాళ్లే.

తెలంగాణలో జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు విత్తకుండా మొలిచే ఆకుకూరల జాబితాలు తయారుచేసి, వాటిని మళ్లీ వాడుకలోకి తేవడానికి ఏళ్లుగా కృషి చేస్తున్నారు. తుమ్మికూర, చెన్నంగి, గంగవావిలి, దొగ్గలికూర వంటివి. కలుపు మందులు వచ్చాక ఇవి పొలాల్లోంచి పోతున్నాయి. క్రీట్‌లో పేదల తిండిగా చూసిన హోర్తా ఇప్పుడు ఏథెన్స్ హోటళ్లలో విలువైన వంటకం. ఇక్కడి ఆకులకు ఆ గౌరవం ఇంకా రాలేదు. ఇది బాధ కలిగించే తేడా.

## చర్చి క్యాలెండర్ పెట్టిన పథ్యం

గ్రీకు ఆర్థడాక్స్ చర్చి నియమాల ప్రకారం ఏడాదిలో సుమారు 180 నుంచి 200 రోజులు ఉపవాసాలు. ఈస్టర్ ముందు పెద్ద ఉపవాసం పవిత్ర వారంతో కలిపి 48 రోజులు, క్రిస్మస్ ముందు 40, ఆగస్టు మొదట్లో రెండు వారాలు, ఇంకా దాదాపు ప్రతి బుధ, శుక్రవారాలు. ఆ రోజుల్లో మాంసం, పాలు, జున్ను, గుడ్లు, ఎక్కువ రోజుల్లో చేపలు కూడా కూడవు. ఆక్టోపస్, స్క్విడ్, రొయ్యలు, ఆల్చిప్పలు తినొచ్చు. కఠినమైన రోజుల్లో నూనె కూడా మానేస్తారు.

అంటే నియమం పాటించే కుటుంబం సగం ఏడాది పప్పులు, కూరలు, రొట్టె, ఆలివ్‌లు, నువ్వుల ముద్దతోనే గడుపుతుంది. లదేరా, ఫసోలాదా ఇంతగా పెరగడానికి ఈ క్యాలెండరే పెద్ద కారణం. క్రీట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2000ల తొలినాళ్లలో ఉపవాసాలు పాటించేవారిని, పాటించనివారిని పోల్చి చూశారు. పాటించేవారిలో మొత్తం కొలెస్టరాల్, ఎల్‌డీఎల్ తక్కువగా కనిపించాయి. కీస్ అధ్యయనంలో పాల్గొన్న క్రీట్ మగవారిలోనూ చాలామంది ఉపవాసాలు చేసేవారేననీ, ఆ కోణాన్ని అప్పట్లో సరిగా లెక్కలోకి తీసుకోలేదనీ వాళ్లే గుర్తుచేశారు. క్రీట్ రైతు గుండెను కాపాడింది నూనెనా, ఆకులా, నడకా, ఉపవాసమా? విడదీసి చెప్పడం కష్టం.

కార్తీక మాసం, శనివారాలు, ఏకాదశులు పాటించే తెలుగు ఇళ్లకు ఈ అలవాటు దగ్గరగానే అనిపిస్తుంది. కానీ ఒక పెద్ద తేడా ఉంది. గ్రీకు ఉపవాసం పాల పదార్థాల్ని కూడా తీసేసి పప్పుల్ని ముందుకు తెస్తుంది. తెలుగు ఉపవాసాల్లో చాలాసార్లు అన్నం, పప్పు పోయి, పాలు, నెయ్యి, సగ్గుబియ్యం, వేపుళ్లు వచ్చి చేరతాయి.

## రుజువులు ఎంత గట్టివి

గ్రీసుకు సంబంధించి బలమైన ఆధారం ఏథెన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆంతోనియా త్రిహోపూలూ బృందానిది. 22,043 మంది గ్రీకుల్ని గమనించి 2003లో ఫలితాలు వెల్లడించారు. సంప్రదాయ తిండికి ఎంత దగ్గరగా ఉన్నారో 0 నుంచి 9 వరకు మార్కులు వేశారు. రెండు మార్కులు పెరిగితే మరణాల రేటు 25 శాతం తక్కువగా కనిపించింది. ఆ అధ్యయనంలోనే ఇంకో సంగతి తేలింది. నూనె విడిగా, పండ్లు విడిగా, పప్పులు విడిగా తీసి చూస్తే ఒక్కోదాని ప్రభావం గట్టిగా తేలలేదు. అన్నీ కలిసినప్పుడే తేడా కనిపించింది. ఒక్క వస్తువును ‘సూపర్ ఫుడ్’ అని అమ్మేవారికి ఇంతకంటే స్పష్టమైన జవాబు అక్కర్లేదు.

గమనించడం వేరు, ప్రయోగం వేరు. స్పెయిన్‌లో జరిగిన ప్రెడిమెడ్ ప్రయోగంలో గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న 7,447 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు వారానికి లీటరు ఎక్స్‌ట్రా వర్జిన్ నూనె ఇచ్చారు, ఇంకో జట్టుకు బాదం, అక్రోటు వంటి గింజలు, మూడో జట్టుకు కొవ్వు తగ్గించమన్న సలహా. మొదటి రెండు జట్లలో గుండెపోటు, పక్షవాతం వంటివి సుమారు 30 శాతం తక్కువ అని 2013లో ప్రకటించారు. తర్వాత కొన్ని కేంద్రాల్లో జట్లు వేసిన పద్ధతిలో లోపాలు బయటపడ్డాయి. 2018లో రచయితలే ఆ పత్రాన్ని వెనక్కి తీసుకుని, లెక్కలు సరిచేసి మళ్లీ ప్రచురించారు. ఫలితం దాదాపు అలాగే ఉంది కానీ, దాని గురించి మాట్లాడే గొంతు కాస్త తగ్గాల్సి వచ్చింది. 2022లో స్పెయిన్‌లోనే కోర్డోబాలో అప్పటికే గుండెజబ్బు ఉన్న వెయ్యిమందితో ఏడేళ్లు నడిచిన ప్రయోగం కూడా ఈ తిండి వైపే మొగ్గింది.

జనం నూరేళ్లు బతికే గ్రీకు దీవిగా ప్రచారమైన ఇకారియా విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఇటువంటి ప్రాంతాల వయసు రికార్డుల్లో తప్పులు, పింఛన్ల కోసం దాచిన మరణాలు ఉన్నాయని పరిశోధకుడు సాల్ న్యూమన్ వాదించారు. ఆ ప్రాంతాల మీద పనిచేసినవారు దాన్ని ఖండిస్తున్నారు. గ్రీకు తిండి విలువను నిలబెట్టడానికి ఇకారియా కథ అవసరం కూడా లేదు.

మద్యం సంగతి కూడా చెప్పుకోవాలి. త్రిహోపూలూ మార్కుల పద్ధతిలో మితంగా తాగే మద్యానికీ ఒక మార్కు ఉంది. కానీ ఎంత తక్కువైనా సురక్షితమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. తాగని అలవాటున్నవారు ఈ పేరుతో మొదలుపెట్టడానికి కారణం ఏదీ లేదు.

## గ్రీసులోనే ఎందుకు చెదిరింది

1948లో మాంసం కావాలన్న కుటుంబాల కోరిక తర్వాతి తరంలో తీరింది. 1960ల నుంచి ఆదాయాలు పెరిగాయి, పల్లెలు ఖాళీ అయి ఏథెన్స్ నిండింది, 1981లో గ్రీసు యూరోపియన్ కమ్యూనిటీలో చేరింది. మాంసం, జున్ను, చక్కెర చవకగా దొరికాయి. నడక పోయి కారు వచ్చింది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో గంటన్నర మగ్గే బీన్స్ కంటే సువ్లాకి ఆర్డర్ తేలిక. బీదరికం గుర్తున్న అమ్మమ్మలు మనవలకు ప్రేమగా పెట్టింది మాంసమే, మిఠాయే. తమకు దొరకనిది పిల్లలకు పెట్టాలనుకోవడం ఎక్కడైనా ఉన్నదే.

విచిత్రం ఏమిటంటే నూనె మాత్రం వంటింట్లోంచి పోలేదు. తలసరి ఆలివ్ నూనె వాడకంలో గ్రీసు ఇప్పటికీ ప్రపంచంలో ముందు వరుసలోనే ఉంది. నూనె ఉండగానే, దాని కింద ఉండాల్సిన కూర స్థానంలోకి మాంసం, మైదా వచ్చాయి. నూనె ఒక్కటే మేలు చేసేదైతే గ్రీసు పిల్లల బరువు అలా పెరగకూడదు.

2010లో యునెస్కో గ్రీసు, ఇటలీ, స్పెయిన్, మొరాకోల మెడిటరేనియన్ భోజన సంప్రదాయాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. గ్రీసు తరఫున పెలోపొన్నెస్ తీరంలోని కొరోని ఊరు నమూనాగా నిలిచింది. సరిగ్గా అదే ఏడాది దేశం అప్పుల సంక్షోభంలోకి జారింది. ఆదాయాలు పడిపోయినప్పుడు జనం పప్పులకు తిరిగి వెళ్లాలి కదా అనిపిస్తుంది. కొంత జరిగింది కూడా. కానీ పండ్లు, చేపలు, మంచి నూనె ఖరీదైనవి, పాస్తా, తెల్ల రొట్టె చవకవి. ఆ పైన స్పెయిన్‌లో వరుస కరువులతో 2023, 2024లలో ఆలివ్ నూనె ధర రికార్డు స్థాయికి చేరింది. పల్లెలో బంధువులు పంపే రేకు డబ్బా నూనె ఉన్న ఇంటికీ, లీటర్లలో కొనుక్కునే ఇంటికీ మధ్య తేడా పెరిగింది.

## తెలుగు వంటింటి పక్కన పెట్టి చూస్తే

సరుకులు చూస్తే రెండు వంటిళ్లూ అనుకున్నంత దూరం కావు. బెండ, వంకాయ, టమాటా, శనగలు, ఆకుకూరలు, పెరుగు, పులుపు రెండు చోట్లా ఉన్నాయి. జాజికి అంటే వెల్లుల్లి వేసిన దోసకాయ పెరుగుపచ్చడే. డబ్బాల్లో అమ్మే గ్రీక్ యోగర్ట్, పలుచని గుడ్డలో మూటకట్టి నీరు వార్చిన పెరుగు ఒకలాంటివే. ఇంట్లో చేసుకుంటే చక్కెర, ఫ్లేవర్లు ఉండవు.

తేడా పాళ్లలో ఉంది. తెలుగు కంచంలో మధ్యలో అన్నం, చుట్టూ కూర, పప్పు, పచ్చడి కలుపుకోవడానికి. గ్రీకు పళ్లెంలో కూరో పప్పో మధ్యలో, రొట్టె పక్కన. భారత వైద్య పరిశోధన మండలి మధుమేహ సర్వే అయిన ఐసీఎంఆర్–ఇండియాబ్ మీద 2025లో వచ్చిన విశ్లేషణ ప్రకారం భారతీయుల కేలరీల్లో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ధాన్యాల నుంచి వచ్చే కేలరీలు 45 శాతం మించకూడదనీ, కూరగాయలు రోజుకు 400 గ్రాములు, పప్పులు 85 గ్రాముల దగ్గర ఉండాలనీ సూచించింది. లదేరాకు, ఈ సూచనకు మధ్య పెద్ద దూరం లేదు. సొరకాయ, బీర, చిక్కుడు కూర రెండు గరిటెల బదులు గిన్నెడు పెట్టుకుని, అన్నం సగం చేసుకుంటే గ్రీకు అమరిక ఇంట్లోకి వచ్చేసినట్టే. ఆ గిన్నెడు కూర నోటికి పట్టాలంటే ఉప్పు, కారం తగ్గించాలి. అన్నంలో కలుపుకోవడానికి వండిన కూర ఘాటుగానే ఉంటుంది, దాన్ని వట్టిగా తినలేరు. మొదట మారాల్సింది అక్కడే.

నూనె విషయంలో, పామాయిల్ నుంచి మారేవారికి వేరుశనగ నూనె, నువ్వుల నూనె చక్కని ప్రత్యామ్నాయాలు. వేరుశనగ నూనెలోనూ ఒలీక్ ఆమ్లం సగానికి దగ్గరగా ఉంటుంది. ఆలివ్ పాలీఫినాల్స్ మాత్రం ఎక్స్‌ట్రా వర్జిన్‌లోనే. ఆ ధర భరించగలిగినవారు చిన్న సీసా తెచ్చి ఉడికిన ఆకుకూర మీద, శనగల మీద చివర్లో పోసుకుంటే దాని విలువ దక్కుతుంది. గారెలు వేయించడానికి వాడితే డబ్బు కాల్చడమే. జాతీయ పోషకాహార సంస్థ నమూనా పళ్లెంలో రోజుకు నూనె 27 గ్రాముల దగ్గరే ఉంది. క్రీట్ రైతు 95 గ్రాములతో దాన్ని పోల్చుకోకూడదు.

రెండు వంటిళ్లకూ ఉన్న ఉమ్మడి బలహీనత ఉప్పు. ఫెటా, ఆలివ్‌లు ఉప్పునీటిలో ఊరేవి. ఆవకాయ, అప్పడాల సంగతి చెప్పక్కర్లేదు. రోజుకు 5 గ్రాముల లోపు అన్న పరిమితిని ఇద్దరూ సులువుగా దాటేస్తారు. బీపీ ఉన్నవారు ఫెటాను కాసేపు మంచినీళ్లలో నానబెట్టి వాడడం, కూర గిన్నెడు తినే పూట పచ్చడి మానేయడం మేలు. గంగవావిలి, తోటకూర, పాలకూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి కిడ్నీలో రాళ్లు వచ్చినవారు, ఆకుకూరల్లోని విటమిన్ కె వల్ల, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడుతున్నవారు ఒక్కసారిగా మోతాదు పెంచకుండా ముందు తమ డాక్టర్‌తో మాట్లాడాలి.